సెన్సర్ మార్చేముందు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు అనుకుందాం. గేర్‌బాక్సు పని మేనమామది, కరెంటు పని మేనల్లుడిది. ఒక ఆటోమేటిక్ కారు వచ్చింది. ఊళ్ళో తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది. హైదరాబాద్ హైవే ఎక్కి గంట పోయాక చెక్ ఇంజిన్ లైటు వెలిగి, బండి మూడో గేరులో బిగుసుకుపోతుంది. పక్కన ఆపి, తాళం తీసి, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. స్కానర్ పెడితే పి0722 అనే కోడ్: అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్‌లో సిగ్నల్ లేదు. వేరే షెడ్డులో ఇదివరకే ఆ సెన్సర్ మార్చారు. లైటు మళ్ళీ వచ్చింది.

ఇప్పుడేం చెయ్యాలన్నదే మామా అల్లుళ్ళ తగువు. ఇది రెండు తరాల గొడవ కాదు, పరికరాల గొడవ కూడా కాదు. పక్కవాడి డబ్బుతో మనం ఎంతవరకూ ఊహించవచ్చు అన్న ప్రశ్న. 2014లో మారుతి సెలేరియోతో, గేర్లు తనంతట తనే మార్చుకునే ఏఎంటీ మామూలు కార్లలోకి వచ్చింది. అప్పటినుంచి క్లచ్ పెడల్ లేని బండ్లు మన చిన్న ఊళ్ళలోనూ కనిపిస్తున్నాయి. వాటితోపాటే ఈ ప్రశ్న ప్రతి షెడ్డు గుమ్మంలోకీ వచ్చింది. అందుకే ఇద్దరి మాటా పూర్తిగా వినాలి.

మామ: కోడ్ వచ్చింది, అందులో సెన్సర్ పేరుంది. ఇంకేం కావాలిరా నీకు? ముందువాడు వేసింది డూప్లికేట్ అయ్యుంటది. కంపెనీ పార్టు తెప్పించి వేద్దాం. ఒక్క బోల్టు పని. సాయంత్రానికి బండి ఇచ్చేయొచ్చు.

అల్లుడు: కోడ్ చెప్పింది సర్క్యూట్ గురించి మావయ్యా. సర్క్యూట్ అంటే సెన్సరూ, దాని కప్లరూ, అక్కణ్ణుంచి పోయే మూడు వైర్లూ, మధ్యలో జాయింట్లూ, అవతల గేర్‌బాక్సు కంప్యూటరూ. సెన్సర్ ముందు తిరిగే పళ్ళ చక్రం కూడా అందులో లెక్కే. కంప్యూటర్‌కి గేర్‌బాక్సు కనపడదు. తన పిన్ను దగ్గర వోల్టేజీ పైకీ కిందకీ ఆడుతోందా లేదా, అంతవరకే దానికి తెలుసు. ఆట ఆగింది, లైటు వేసింది. ఎక్కడ ఆగిందో చెప్పే తెలివి దానికి లేదు.

మామ: సరే. అయితే ఇంకోటి అడుగుతా. సెన్సర్ నిజమే చెప్తోందేమో! లోపల క్లచ్ ప్లేట్లు జారుతున్నాయేమో. వేడెక్కాక వస్తోందంటే ముందు నాకు అదే అనుమానం. ఆయిల్ కాగిందంటే ప్రెషర్ తగ్గుద్ది, ప్లేట్లు పట్టు వదులుతాయి. మీ వైర్ల కథంతా ఎత్తుకునే ముందు గేర్‌బాక్సు దించాలేమో చూసుకోవద్దూ?

అల్లుడు: అది మంచి అనుమానమే. కానీ జవాబు ఉంది. నిన్న ట్రయల్‌కి పోయినప్పుడు స్కానర్‌లో రికార్డు పెట్టా. ఇదిగో చూడు. ఇన్‌పుట్ షాఫ్టు స్పీడు, అవుట్‌పుట్ షాఫ్టు స్పీడు, చక్రాల దగ్గర ఏబీఎస్ చెప్పే స్పీడు, మూడు గీతలు. ప్లేట్లు జారితే ఇన్‌పుట్ పైకి లేవాలి, అవుట్‌పుట్ చక్రాలతో పాటే ఉండాలి. ఇక్కడ ఇన్‌పుట్ అలాగే ఉంది, చక్రాలు 84 కిలోమీటర్ల స్పీడులో ఉన్నాయి, అవుట్‌పుట్ మాత్రం నిట్టనిలువుగా సున్నాకి పడింది. ఆ షాఫ్టు చక్రాలకి కట్టేసి ఉంది. చక్రాలు తిరుగుతుంటే అది ఒక్క క్షణంలో ఎలా ఆగుద్ది?

మామ: ఆగదు. ఆగితే బాక్సు ముక్కలై రోడ్డు మీద ఉంటది.

అల్లుడు: అంటే గేర్‌బాక్సు మంచిదే. ఆగింది కబురు, షాఫ్టు కాదు. కబురు తెలియక కంప్యూటర్ భయపడి మూడో గేరు పట్టుకు కూర్చుంది.

ఈ ఒక్క పోలిక ఎంత ఖర్చు తప్పిస్తుందో చెప్పక తప్పదు. ఆటోమేటిక్ బాక్సు కంప్యూటర్ పని అంతా భాగహారం మీద నడుస్తుంది. లోపలికి వచ్చే తిరుగుడును బయటికి పోయే తిరుగుడుతో భాగిస్తే ఏ గేరులో ఉన్నామో తేలుతుంది. నేరుగా ఒకటికి ఒకటి ఉండే గేరులో ఇన్‌పుట్ 1,500 ఉంటే అవుట్‌పుటూ 1,500 ఉండాలి. లెక్క కొంచెం తప్పితే జారుడు. లెక్కే లేకపోతే కరెంటు. ఈ తేడా చూడకుండా గేర్‌బాక్సు దించమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. దించాక, బాగున్న బాక్సును ఎలాగూ దించాం కదా అని ప్లేట్లు మార్చేవాళ్ళూ ఉన్నారు. ట్రయల్‌లో పది నిమిషాల రికార్డు లేకుండా గేర్‌బాక్సు బోల్టు మీద స్పానర్ పెట్టడం తప్పు అని నా నమ్మకం.

మామ: ఒప్పుకున్నా, బాక్సు జోలికి పోను. మరి సెన్సర్ మార్చి చూడటంలో ఏముందిరా? పరీక్ష అంటే అదీ పరీక్షే. కొత్తది పెట్టాక తగ్గితే సెన్సర్, తగ్గకపోతే వైరు. నువ్వు మీటర్ పట్టుకుని సగం పూట కూర్చుంటే, ఆ సగం పూటలో నేను ఇంకో బండి పని ముగిస్తా. పార్టీకి కావాల్సింది బండి. నీ కొలతలు కాదు.

అల్లుడు: ఆ పరీక్ష ముందువాడు చేశాడు, పార్టీ డబ్బు కట్టాడు. కరెంటు పార్టు బిగించాక వెనక్కి తీసుకోరు. ఇప్పుడు నువ్వు చేస్తానంటున్నది అదే పరీక్ష రెండోసారి.

మామ: అది డూప్లికేట్ అన్నా కదా.

అల్లుడు: డూప్లికేటే అనుకో. మరి మొదట కంపెనీవాళ్ళు బిగించింది డూప్లికేట్ కాదుగా? అది డిక్కీలో ఉంది, పార్టీ పారేయలేదు. బల్ల మీద పెట్టి చూద్దాం రా. మూడు పిన్నులు. ఒకదానికి 5 వోల్టులు, ఒకదానికి ఎర్తు. మూడోది సిగ్నలు, దానికి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టి 5 వోల్టులకి కట్టా. ఇప్పుడు నీ స్పానర్ దాని మూతి ముందు నుంచి అటూ ఇటూ తిప్పు.

మామ: తిప్పా... మీటర్ ఆడుతోంది. అయిదు, సున్నా. అయిదు, సున్నా.

అల్లుడు: బండిలో ఆ స్పానర్ చేసే పనే పళ్ళ చక్రం చేస్తది. పన్ను వచ్చినప్పుడొకటి, సందు వచ్చినప్పుడొకటి. 40 పళ్ళ చక్రం నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే సెకనుకి వెయ్యి పల్సులు. ఇక హెయిర్ డ్రయ్యర్ తెచ్చి వేడి చేద్దాం, మళ్ళీ తిప్పు. వేడికి చచ్చే సెన్సర్ అయితే ఇప్పుడే తేలిపోద్ది.

మామ: వేడెక్కినా ఆడుతూనే ఉంది. అయితే కొత్తది కొనకముందే ఇది మంచిదన్నమాట.

ఇక్కడ మామ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మార్చి చూడటం ఎప్పుడూ తప్పేమీ కాదు. బయటికి కనిపించే చోట, ఒక్క బోల్టుతో ఉన్న సెన్సర్ అయి, షెడ్డులో బాగుందని తెలిసిన ఇంకొకటి ఉంటే, అది పెట్టి చూసి తీసేయడం నిజంగానే మంచి పరీక్ష. పార్టీ చేత కొనిపించి చూడటం వేరు. అల్లుడు ఆ తేడా మీదే నిలబడ్డాడు.

అల్లుడు: ఒక్క బోల్టు అన్నావు కదా, అన్ని బండ్లకీ అలా ఉండదు. మెర్సిడెస్‌లో 1996 నుంచి వచ్చిన 722.6 బాక్సు చూడు. స్పీడ్ సెన్సర్లు లోపల, ఆయిల్లో మునిగుండే ప్లేటుకే అతికి వస్తాయి. మార్చాలంటే ఆయిల్ దించాలి, ఛాంబర్ విప్పాలి, ప్లేటు మొత్తం కొనాలి. అదే బండిలో కప్లర్ దగ్గర ఓ-రింగు పాడైతే ఆయిల్ వైరు లోపలి తీగల మధ్యనుంచి పాకుతూ కంప్యూటర్ దాకా పోద్ది. కప్లర్ ఊడదీసి ఎర్రటి నూనె తడి ఉందా అని చూడకుండా ప్లేటు కొనిపిస్తే ఆ ఖర్చు ఎవరు కక్కుతారు?

మామ: దానిమాట వదిలెయ్, మన ముందున్నది అది కాదు. ఈ మూడు వైర్ల సంగతి ఎలా తేలుస్తావో చెప్పు. నాకు అలవాటైన పాత సెన్సర్‌కి రెండు వైర్లే ఉండేవి. మీటర్‌తో ఓమ్స్ చూస్తే సరిపోయేది.

అల్లుడు: అవి వేరు. అందులో ఉండేది అయస్కాంతం చుట్టూ రాగి తీగ. పళ్ళు దాటుతుంటే దానంతట అదే ఏసీ వోల్టేజీ పుట్టిస్తది. ఫారడే 1831లో కనిపెట్టింది అదే. దాన్ని ఓమ్స్‌లో చూడొచ్చు. మాన్యువల్‌ని బట్టి కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల దాకా ఉంటది. చల్లగా ఉన్నప్పుడు 800 ఉన్న కాయిల్ ఇంకో 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1,050 చూపిస్తది, అది రాగి స్వభావం. దానికి కంగారుపడి పారేయకూడదు. ఒక్కసారిగా మీటర్ దాటిపోతేనే తీగ తెగినట్టు. ఒక చిక్కు ఏంటంటే బండి మరీ నెమ్మదిగా పోతుంటే ఆ కాయిల్లో వోల్టేజీ సరిగ్గా పుట్టదు.

మామ: మరి ఈ మూడు వైర్లది?

అల్లుడు: ఇది హాల్ సెన్సర్. 1879లో ఎడ్విన్ హాల్ అని అమెరికాలో బాల్టిమోర్‌లో చదువుకునే కుర్రాడు కనిపెట్టిన గుణం మీద పనిచేస్తది. లోపల చిన్న చిప్ ఉంది, దానికి కరెంటు మనం ఇవ్వాలి. దీన్ని ఓమ్స్‌లో చూడకూడదు. చూస్తే వచ్చే అంకెకి అర్థం లేదు, మీటర్ పంపే కరెంటుకి ఒక్కోసారి చిప్పే పోద్ది. చాలామంది పాత అలవాటుతో ఓమ్స్ పెట్టి, అంకె రాలేదని సెన్సర్ పోయిందంటారు.

మామ: రెండు వైర్లుంటే పాత రకం, మూడుంటే కొత్త రకం, అంతేగా?

అల్లుడు: అదీ పూర్తిగా కాదు. రెండు వైర్లున్నా లోపల చిప్ ఉండే రకాలు వచ్చాయి. అవి వోల్టేజీ కాకుండా కరెంటుని మారుస్తాయి, 7 మిల్లీయాంపులు ఒకసారి, 14 ఒకసారి. ఏబీఎస్ సెన్సర్లు చాలావరకు ఇప్పుడు అవే. అందుకే వైర్లు లెక్కపెట్టి కాదు, ఆ బండి వైరింగ్ బొమ్మ చూసి మీటర్ పట్టుకోవాలి.

మామ: పెట్టు మరి. చూస్తా.

అల్లుడు: కప్లర్ ఊడదీశా. తాళం ఆన్ చేశా, ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదు. బండి వైపు పిన్నుల్లో చూస్తున్నా. సప్లై పిన్ను 5 వోల్టులు. సిగ్నల్ పిన్ను కూడా 5 వోల్టులు. సిగ్నల్ పిన్నులో సెన్సర్ లేకపోయినా 5 ఎందుకుందంటే, కంప్యూటరే లోపల్నుంచి రెసిస్టర్ ద్వారా పెడుతుంది. దాన్ని ఎర్తుకి లాగి వదలడమే సెన్సర్ పని. ఇప్పుడు ఫ్యూజున్న ఒక జంపర్ వైరుతో ఆ సిగ్నల్ పిన్నుని ఎర్తుకి టకటకా తాకిస్తా. స్కానర్‌లో అవుట్‌పుట్ స్పీడు చూడు.

మామ: అంకెలు లేస్తున్నాయిరా! సెన్సర్ లేకుండానే స్పీడు చూపిస్తోంది.

అల్లుడు: అంటే కంప్యూటర్ మంచిది, సిగ్నల్ వైరు మంచిది. మూడు వైర్లలో ఒకటి తీరిపోయింది, కంప్యూటర్ అనుమానమూ పోయింది. రూపాయి ఖర్చు లేకుండా.

మామ: సప్లైలో 5 ఉంది, సిగ్నల్ బాగుంది. మిగిలింది ఎర్తు. దానికి కంటిన్యూటీ పెట్టి చూడు, కూస్తదేమో.

అల్లుడు: కూసింది. కానీ మావయ్యా, ఆ కూతని నేను నమ్మను. చాలా మీటర్లు 30, 50 ఓమ్‌ల అడ్డున్నా కూస్తాయి. పైగా ఇప్పుడు బండి చల్లగా, కదలకుండా ఉంది.

మామ: ఇదిగో, నా కడుపులో మాట ఇప్పుడు బయటపెట్టావు. మీ మీటర్లు ఎంత అబద్ధాలాడతాయో నేను చూశా. హెడ్‌లైటు వెలగదు, మీటర్ పెడితే పన్నెండున్నర ఉంటది. కరెంటు ఉందంటది మీటర్, లైటు లేదంటది బండి. ఎవరి మాట నమ్మాలి? అందుకే నేను పార్టు మార్చి చూస్తానంటా. బండి అబద్ధమాడదు.

అల్లుడు: మీటర్ అబద్ధమాడలేదు, మనం అడిగే ప్రశ్నే తప్పు. మల్టీమీటర్ వోల్టులు చూసేటప్పుడు దాదాపు కరెంటే తీసుకోదు, దాని లోపలి అడ్డు కోటి ఓమ్‌లు. వైరులో ఒక్క పోగు మిగిలినా 5 వోల్టులు పూర్తిగా చూపిస్తది. పని చేస్తున్నప్పుడు, కరెంటు పారుతున్నప్పుడు చూడాలి. హెడ్‌లైటు స్విచ్ ఆన్‌లో ఉండగా దాని ఎర్తు పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటర్ పెట్టుంటే వోల్టేజీ ఎక్కడ పోతోందో అక్కడే కనపడేది.

మామ: అయితే నా టెస్ట్ ల్యాంపు తెస్తా ఉండు. బల్బు కరెంటు బాగా లాగుద్ది. వైరులో దమ్ముందో లేదో వెంటనే తెలుస్తది.

అల్లుడు: ఆగు, ఆగు! హెడ్‌లైటు వైరుకి అది మంచిదే. ఇక్కడ వద్దు. ఈ 5 వోల్టులు కంప్యూటర్ లోపల్నుంచి వస్తున్నాయి, అదే సప్లై మీద ఇంకో రెండు మూడు సెన్సర్లు బతుకుతుంటాయి. నీ బల్బు దాన్ని కిందకి లాగేస్తది, లోపలి సర్క్యూట్ కాలినా కాలొచ్చు. సెన్సర్ ఖర్చు తప్పించబోయి కంప్యూటర్ కొనిపించినట్టవుద్ది. బల్బుతో చూడాలంటే ఆ వైరుని రెండు చివర్లా కంప్యూటర్ నుంచీ సెన్సర్ నుంచీ పూర్తిగా విడదీసి, బ్యాటరీ నుంచి వేరే కరెంటు పంపి చూడాలి.

మామ: మరి తప్పు ఇప్పుడు లేదు కదరా. చల్లబడింది, బాగుంది. లేని తప్పుని దేనితో కొలుస్తావు?

ఈ వాదనలో మామ వేసిన బలమైన ప్రశ్న ఇదే. వచ్చిపోయే తప్పు ముందు ఎంత ఖరీదైన పరికరమైనా చేతులు కట్టుకు నిలబడుతుంది. చాలా పార్టులు ఊహమీద మారేది ఇక్కడే. బండి తిన్నగా నడుస్తున్నప్పుడు ఏ కొలత తీసినా సరిగ్గానే వస్తుంది, పార్టీ ఎదురుగా నిలబడి ఏమైందని అడుగుతూ ఉంటాడు, ఏదో ఒకటి చెయ్యాలన్న ఒత్తిడి మెకానిక్ మీద ఉంటుంది. ఇలాంటి తప్పుని పట్టే దారి దానితో పాటు ప్రయాణం చేయడం. పరికరం బండిలో కట్టి, తప్పు వచ్చే చోటికే వెళ్ళి, అది వచ్చిన క్షణాన్ని పట్టుకోవడం.

అల్లుడు: వోల్టేజీని గీతలుగా చూపించే చిన్న స్కోపు ఉంది. కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్నులు దూర్చి మూడు వైర్లనీ దానికి కట్టా. వైరు తొడుగుకి సూది గుచ్చలేదు. గుచ్చితే ఆ చిల్లులోంచి వానకాలం నీళ్ళు దిగి వచ్చే ఏడాది ఇంకో తప్పు పుడుతుంది. సప్లై ఒక గీత, సిగ్నల్ ఒక గీత, ఎర్తు ఒక గీత. ఇబ్రహీంపట్నం దాటి నందిగామ వైపు పోయొచ్చా. తప్పు వచ్చింది.

మామ: ఏం చూపించింది?

అల్లుడు: సప్లై గీత కదల్లేదు, 5 దగ్గరే ఉంది. సిగ్నల్ బాగున్నప్పుడు పైన 5, కింద దాదాపు సున్నా, చతురస్రాల్లాగా వచ్చింది. తప్పు వచ్చే ముందు కింది అంచు లేవడం మొదలైంది. అర, ఒకటి, ఒకటిన్నర, రెండు. కంప్యూటర్ దాన్ని సున్నా అనుకోవడం మానేసింది. లెక్క ఆగింది. ఎర్తు గీత కూడా సరిగ్గా దానితో పాటే లేచింది. సున్నాలో ఉండాల్సిన ఎర్తు ఒకటిన్నర వోల్టు మీద కూర్చుంది.

మామ: ఎర్తు మీద వోల్టేజీ ఎందుకుంటది?

అల్లుడు: దారిలో అడ్డు పడింది కాబట్టి. ఈ సెన్సర్ తాగేది 10 మిల్లీయాంపులే అనుకో. ఎర్తు దారిలో 150 ఓమ్‌లు అడ్డు పడితే ఒకటిన్నర వోల్టు అక్కడే పోద్ది. సెన్సర్‌కి మిగిలేది మూడున్నరే. హెడ్‌లైటు వైరులో 150 ఓమ్‌లు పడితే బల్బు వెంటనే ఆరిపోద్ది. ఇక్కడ అంత తక్కువ కరెంటు కాబట్టి తప్పు ఇన్నాళ్ళు దాక్కుంది. నువ్వు బంగారు సెన్సర్ పెట్టినా ఇదే కోడ్ వచ్చేది.

మామ: ఎర్తు అంటున్నావు. అది కంప్యూటర్ దాకా పోయే ఒక పెద్ద తాడు. ఎక్కడని విప్పుతావు?

అల్లుడు: వైరింగ్ బొమ్మలో ఇన్‌పుట్ సెన్సర్ ఎర్తూ, దీని ఎర్తూ ఒక జాయింట్ దగ్గర కలిసి కంప్యూటర్‌కి పోతున్నాయి. ఇన్‌పుట్ సెన్సర్ ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు. అంటే జాయింట్ నుంచి కంప్యూటర్ దాకా బాగుంది. తప్పు జాయింట్‌కీ ఈ కప్లర్‌కీ మధ్యలోనే. అదీ రెండు మూడు అడుగులు ఉంటది. టేపు మొత్తం విప్పేస్తా.

మామ: మొత్తం విప్పకు. ఆ రికార్డు ఇంకోసారి పెట్టు. కింద ఇంకో గీత ఉందే, అదేంటి?

అల్లుడు: యాక్సిలరేటర్ పెడల్. ఎంత తొక్కారో చెప్తది.

మామ: చూడు. అవుట్‌పుట్ పడిపోయిన ప్రతిసారీ దానికి ముందు పెడల్ సగానికి పైగా తొక్కుంది. పార్టీ కూడా అదే చెప్పాడు, లారీని దాటేటప్పుడు గేరు పట్టుకుపోతోందని. నువ్వు వేడి, వేడి అంటున్నావు. వేడి ఒక్కటే కాదురా. గట్టిగా తొక్కితే ఇంజిన్ మౌంట్ల మీద వెనక్కి ఊగుద్ది. కొత్త బండిలో కొంచెమే. మౌంటు రబ్బరు చచ్చిపోయుంటే చాలా. గంట పరిగెత్తి రబ్బరు వేడెక్కితే ఇంకా ఎక్కువ. బాక్సు ఊగుద్ది, బాడీ ఊగదు. ఈ రెంటి మధ్య వేలాడే వైరు ఏదైనా ఉంటే అది సాగుద్ది. బానెట్ ఎత్తు. బ్రేకు గట్టిగా తొక్కి పెట్టి, డ్రైవ్‌లో వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వు. రివర్స్‌లో కూడా. ఎక్కువసేపు వద్దు.

అల్లుడు: ఏం కనపడుతోంది?

మామ: ఇంజిన్ ఎగిరిపడుతోంది. బాక్సు వైపు మౌంటు చీలింది. వైరింగ్ కట్ట పట్టుకునే క్లిప్పు లేదు, ఎవరో బ్యాటరీ ట్రే తీసి మళ్ళీ బిగించేటప్పుడు పెట్టలేదు. కట్ట బిగుసుకుని బ్రాకెట్ అంచుకి రాసుకుంటోంది. అదిగో, అక్కడ టేపు నల్లగా అరిగింది. అక్కడ విప్పు. ఇంకెక్కడా విప్పక్కర్లేదు.

అల్లుడు: విప్పా. తొడుగు చిట్లింది. లోపల రాగికి పచ్చగా బూజులా పట్టింది. రెండు మూడు పోగులే మిగిలాయి. లాగితే సాగుతోంది. ఎర్తు వైరే.

పెడల్ గీత అల్లుడి రికార్డులోనే ఉంది. అతను చూడలేదు. ఇంజిన్ ఊగే తీరు చేతికి తెలిసినవాడే దాన్ని చదవగలిగాడు. అయినా పని విధానంలో నేను అల్లుడి పక్షమే. మామ అనుభవం కూడా ఆ కొలతల తర్వాతే ఉపయోగపడింది. మూడు వైర్లలో ఏదో, ఏ ముక్కలోనో తేలాకే ఆయన చెయ్యి సరైన చోటికి వెళ్ళింది. కొలత లేని రోజున అదే అనుభవం సెన్సర్ అంది, తర్వాత క్లచ్ ప్లేట్లు అంది. రెండూ తప్పు.

మామ: టేపు చుట్టేసి కట్టెయ్.

అల్లుడు: టేపుతో వద్దు. పచ్చదనం వైరు లోపల ఎంత దూరం పాకిందో అంత దూరం కోసేస్తా, మెరిసే రాగి కనపడేదాకా. అదే మందం వైరు ముక్క పెట్టి, క్రింప్ చేసి, జిగురుండే స్లీవు వేడిచేసి ముడుచుకునేట్టు చేస్తా. నీళ్ళు పోవు. పక్కన రెండు వైర్ల తొడుగు కూడా చూస్తా, రాసుకుంది మూడింటికీ కదా. కట్టకి కొంచెం వదులిచ్చి క్లిప్పు పెడతా.

మామ: రెండు వైర్ల పాత సెన్సర్ల బండ్లలో ఆ రెండు వైర్లూ పేనినట్టు ఉంటాయి, అతికేటప్పుడు అవి విప్పేసి తిన్నగా పెడితే?

అల్లుడు: పెట్టకూడదు. పేనింది ఊరికే కాదు, పక్కనున్న ఇగ్నిషన్ వైర్ల గోల అందులోకి చేరకుండా. ఎంత పొడవున పేనారో అంతా మళ్ళీ పేనాలి. రెండూ తారుమారు కూడా కాకూడదు.

మామ: సెన్సర్ తీసినప్పుడు మూతికి ఇనప రజను పట్టుందా?

అల్లుడు: సన్నగా ఉంది, బూడిదలా. తుడిచేశా.

మామ: బూడిదలా ఉంటే ఫర్వాలేదు. మెరిసే ముక్కలుంటే నాకు చెప్పాలి. అప్పుడు నీ పని అయిపోయినట్టు, నా పని మొదలైనట్టు. సెన్సర్ మూతిలో ఉండే అయస్కాంతం గేర్‌బాక్సు నాడి చూస్తది. మీటర్ పట్టుకున్నవాళ్ళు అది తుడిచేసి ఊరుకుంటారు. అది రాసి పెట్టుకో.

అల్లుడు: రాసుకుంటా.

మామ: సరే. ఇక అసలు సంగతి. పార్టీకి బిల్లు ఏమని రాస్తావు? సెన్సర్ అయితే డబ్బా చూపిస్తా, రేటు చూపిస్తా. జానెడు వైరు, ఒక స్లీవు, ఒక క్లిప్పు, ఒక మౌంటు. దీనికి ఒకటిన్నర రోజు పట్టిందని చెప్తే నవ్వడా? పార్టులు మార్చేవాడు ఎందుకు మారుస్తాడో ఇప్పటికైనా అర్థమైందా? పార్టుకి డబ్బిస్తారు. కనిపెట్టినందుకు ఇవ్వరు.

అల్లుడు: అర్థమైంది. నాకూ దానికి జవాబు లేదు.

దీనికి జవాబు షెడ్డులో మాత్రమే లేదు, బండి యజమాని చేతిలో కూడా ఉంది. డాక్టర్ రాసిన రక్తపరీక్షకి అడగకుండా డబ్బు కడతాం. బండికి పరీక్ష అంటే మాత్రం పని మొదలుపెట్టనట్టు చూస్తాం. కనిపెట్టడానికి ముందే ఒక ధర ఒప్పుకుంటే, మెకానిక్‌కి పార్టు అమ్మాల్సిన అవసరం ఉండదు. ఒప్పుకోకపోతే ఆ ధరను మనం ఎలాగూ కడతాం, అక్కర్లేని సెన్సర్ రూపంలో. ఈ కారు యజమాని ఇప్పటికే ఒకసారి కట్టాడు.

మామ: పార్టీకి ఫోను కలుపు. నేనే మాట్లాడతా. డిక్కీలో ఉన్న పాత సెన్సర్ మంచిదేనని, అది దాచుకోమని ముందు చెప్తా. ఆ తర్వాత రేటు చెప్తా. బిల్లులో మొదటి వరుస పరీక్షల ఖర్చు అనే రాయి, కింద మౌంటు, కింద వైరింగ్. ఇకమీదట ఇలాంటి బండి వస్తే గేటు దగ్గరే ఆ మొదటి వరుస చెప్పాలి. ఒప్పుకుంటేనే లోపలికి.

అల్లుడు: ఒప్పుకోకపోతే?

మామ: పక్క షెడ్డుకి పోతాడు. పోనీ. మౌంటు వచ్చాక కోడ్ చెరిపేసి ట్రయల్ వేద్దాం. అదే రోడ్డు, అదే స్పీడు, నీ స్కోపు కట్టే ఉంచు. కంచికచర్ల దాకా నేను నడుపుతా, లారీలు ఎదురైన చోటల్లా గట్టిగా తొక్కుతా. నువ్వు ఎర్తు గీత చూస్తూ కూర్చో, లేచిందంటే చెప్పు.